చివరగా కొనాల్సింది ఆంప్లిఫయర్

బోర్డు మీద "50+50 వాట్లు" అని ఉంది. దుకాణంలో అడాప్టరుకు తగిలించి పాట పెడితే కొట్టంతా అదిరిపోయింది. మీరు సంబరంగా ఇంటికి తెచ్చి, పాత యూపీఎస్‌లోంచి తీసిన 12 వోల్టుల బ్యాటరీకి కలిపారు. పాట వస్తోంది గానీ ఆ ఊపు లేదు. కాస్త పెంచగానే సౌండు పగిలిపోతోంది. బోర్డు చెడిపోయిందా? దుకాణదారు మోసం చేశాడా? ఎక్కువసార్లు ఆ రెండూ జరగవు. ఆ బోర్డు మీద ఉండే టీపీఏ3116 చిప్పు ఒక్కో వైపు 50 వాట్లు ఇస్తుందని తయారీదారు టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చెప్పిన మాట నిజమే. కాకపోతే అది 21 వోల్టుల సప్లైతో, 4 ఓమ్‌ల స్పీకరుతో. మీ బ్యాటరీ ఇచ్చేది 12.

బ్యాటరీ మీద నడిచే సౌండు సిస్టమ్ కావలసినవాళ్లు మన ఊళ్లలో తక్కువేమీ లేరు. తోపుడుబండి మీద కూరగాయలు అమ్మే మనిషి తన కేకను రికార్డు చేసి పొద్దంతా వినిపిస్తున్నాడు. పాత ఇనుము కొనే ఆటో, పంచాయతీ ప్రకటనలు చదివే ఆటో, వీధుల్లో నడుస్తూ పాడే భజన బృందం, గొంతు నొప్పితో బాధపడే ట్యూషన్ మాస్టారు... అందరికీ కావలసింది ప్లగ్గు లేని చోట స్పష్టంగా వినిపించే సౌండు. వీళ్లలో చాలామంది ముందు ఆంప్లిఫయరు కొంటారు, ఇంట్లో ఉన్న స్పీకరేదో తగిలిస్తారు, ఆఖర్న బ్యాటరీ కోసం వెతుకుతారు. ఈ వరుసను తిరగేయండి. ముందు స్పీకరు, తర్వాత బ్యాటరీ, అన్నిటికన్నా చివర ఆంప్లిఫయర్ బోర్డు. మూడింటిలో చవకైనది సాధారణంగా బోర్డే కాబట్టి, మిగతా రెండింటికి తగ్గట్టు దాన్ని ఎంచుకోవడమే తేలిక.

దీనికి ఒక్క లెక్క నేర్చుకుంటే చాలు. బ్యాటరీ వోల్టేజిని దానితోనే గుణించండి. వచ్చిన దాన్ని స్పీకరు ఓమ్‌లకు రెట్టింపుతో భాగించండి. ఈనాటి చిన్న బోర్డుల్లో చాలావాటికి ఒక్కో స్పీకరుకు శుభ్రంగా వచ్చే వాట్ల పైహద్దు అదే. 12 వోల్టులు, 4 ఓమ్‌లు అయితే 144ను 8తో భాగించాలి, అంటే 18 వాట్లు. అదే 8 ఓమ్‌ల స్పీకరైతే 9 వాట్లు. యూఎస్‌బీ 5 వోల్టులతో 4 ఓమ్‌లకు 3 వాట్లు. ఒంటరి లిథియం సెల్లు 3.7 వోల్టులతో 1.7 వాట్లు. అసలు చేతికి వచ్చేది ఇంతకన్నా కాస్త తక్కువే, ఎందుకంటే చిప్పు తన వాటా తాను తింటుంది. అలాగే 21 వోల్టులకు లెక్క కట్టి చూడండి, 55 వస్తుంది. బోర్డు మీద 50 అని ఎందుకు రాశారో అర్థమైపోతుంది.

పాత తరహా బోర్డుల్లో స్పీకరు రెండో వైరు నేరుగా నెగెటివ్‌కు కలిసి ఉంటుంది. వాటికి ఈ లెక్కలో నాలుగో వంతే వస్తుంది. 12 వోల్టులు, 4 ఓమ్‌లకు నాలుగున్నర వాట్లు, అంతే.

ఇంత చిన్న లెక్క తెలిస్తే అట్టపెట్టెల మీది అంకెలు మిమ్మల్ని భయపెట్టలేవు. 1990లలో టేప్‌రికార్డర్ల మీద 'పీఎంపీఓ' అంటూ వందలు, వేలు వాట్లు రాసేవారు గుర్తుందా? ఆ అలవాటు ఇంకా పోలేదు. 12 వోల్టులతో నడిచే పెట్టె మీద ఒక్క స్పీకరుకు 200 వాట్లు అని కనిపిస్తే, లోపల వోల్టేజి పెంచే సర్క్యూటు ఉందా అని అడగండి. లేదంటే ఆ అంకెను వదిలేయండి.

1. స్పీకరు వెనక ఏం రాసి ఉందో చదవండి

వాట్ల కన్నా ముందు డెసిబెల్స్ చూడాలి. ఒక్క వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎంత సౌండు వస్తుందో చెప్పే అంకె అది. సెన్సిటివిటీ అంటారు. 84 డెసిబెల్స్ స్పీకరుకు 40 వాట్లు పోస్తే వచ్చే సౌండు, 94 డెసిబెల్స్ స్పీకరుకు 4 వాట్లతోనే వస్తుంది. పది రెట్ల బ్యాటరీ ఆదా! చిన్న చిన్న బ్లూటూత్ పెట్టెల్లోంచి తీసిన స్పీకర్లు, కారు తలుపుల కోసం చేసిన బరువైన స్పీకర్లు బ్యాటరీ పనికి అంతగా నప్పవు. పెద్ద కోను, తేలికైన కాగితపు డయాఫ్రం ఉన్నవి నయం.

ఆరుబయట మాట వినిపించడమే పని అయితే హారన్ స్పీకరును మించింది లేదు. గుళ్ల మీద, ప్రచార జీపుల మీద కనిపించే గొట్టం స్పీకరు అదే. దాని సెన్సిటివిటీ సుమారు 105 డెసిబెల్స్, కొన్నింటికి ఇంకా ఎక్కువ. ఒక ఉదాహరణ చూడండి. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ సౌండు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మీ దగ్గర 4 వాట్ల ఆంప్లిఫయరు ఉంది. 86 డెసిబెల్స్ పెట్టె స్పీకరుతో అది మీటరు దూరంలో 92, ముప్పై రెండు మీటర్ల దూరంలో 62 డెసిబెల్స్ ఇస్తుంది. అంటే మామూలుగా మాట్లాడుకునే స్థాయి, వీధి రొదలో కలిసిపోతుంది. అదే 4 వాట్లు హారనుకు ఇస్తే అదే దూరంలో 81 డెసిబెల్స్. వీధి చివరి ఇంటావిడ కూడా వంటింట్లోంచి వింటుంది.

హారన్ కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. వెనక 8 ఓమ్‌లా, 16 ఓమ్‌లా చూడండి. 16 అయితే 12 వోల్టులతో నాలుగున్నర వాట్లే వస్తాయి, అయినా చాలాసార్లు అవి సరిపోతాయి. 70 లేదా 100 వోల్టుల లైను అని రాసి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అది పెద్ద మైకు సెట్ల కోసం చేసింది, మీ చిన్న బోర్డుతో నేరుగా పలకదు. ఇక హారన్ యూనిట్‌కు బేస్ పడదు, సున్నితమైన డయాఫ్రం చిరిగిపోతుంది. 8 ఓమ్‌ల యూనిట్‌కు 100 మైక్రోఫ్యారడ్, 16 ఓమ్‌లకు 47 మైక్రోఫ్యారడ్ నాన్‌పోలార్ కెపాసిటర్ ఒకటి వరసలో పెడితే 200 హెర్ట్జ్‌కు దిగువన ఉన్నది చాలావరకు ఆగిపోతుంది. మాట మరింత తేటగా కూడా వినిపిస్తుంది.

2. బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు ఎంత, అయిపోయేటప్పుడు ఎంత?

12 వోల్టుల బ్యాటరీ ఎప్పుడూ 12 వోల్టుల దగ్గర ఉండదు. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టులు, 7 ఏహెచ్ సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీ నిండుగా ఉంటే 12.7 దాకా, ఛార్జింగ్‌లో 14.4 దాకా చూపిస్తుంది. 10.5 దగ్గర ఆపేయాలి. మూడు లిథియం అయాన్ సెల్లుల ప్యాకు 12.6 నుంచి 9 దాకా దిగుతుంది. నాలుగు లిథియం ఫాస్ఫేట్ సెల్లుల ప్యాకు ఛార్జింగ్‌లో 14.6కు వెళ్తుంది, వాడేటప్పుడు ఎక్కువసేపు 13 దగ్గరే నిలకడగా ఉంటుంది. మీరు కొనే బోర్డు పై చివరను తట్టుకోవాలి, కింది చివరలోనూ పలకాలి. రెండు అంకెలూ కాగితం మీద రాసుకుని దుకాణానికి వెళ్లండి.

ఎక్కువమంది పొరపాటు పడేది పై చివర దగ్గరే. టీపీఏ3116 బోర్డుకు 26 వోల్టులు పరిమితి. "24 ఇస్తే ఏమవుతుందిలే" అని రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసలో కలుపుతారు. వాడినంతసేపు బాగానే ఉంటుంది. బోర్డు విప్పకుండా ఛార్జరు పెట్టిన రోజున వోల్టేజి 28 దాటుతుంది. మర్నాడు బోర్డు పలకదు. చిన్న బోర్డులదీ ఇదే కథ: పీఏఎం8403కు హద్దు 5.5 వోల్టులు. నాలుగు కొత్త పెన్సిల్ సెల్లులు కలిపితే 6 పైనే ఉంటుంది. మూడు పెట్టండి.

18650 లిథియం సెల్లు కొంటుంటే దాని మీది అంకెను అనుమానించండి. ఈ సైజులో మంచి కంపెనీ సెల్లులు 3,500 మిల్లీ ఆంపియర్ అవర్ల దరిదాపుల్లో ఆగిపోతాయి. 9,900 అని రాసి ఉంటే లోపల ఎంత ఉందో ఎవరూ హామీ ఇవ్వలేరు. రక్షణ సర్క్యూటు లేకుండా లిథియం సెల్లును అసలు వాడొద్దు.

పవర్ బ్యాంకు పెడితే? బాగానే పనిచేస్తుంది, ఒక చిక్కుతో. వాడకం మరీ తక్కువగా ఉంటే, ఫోను ఛార్జింగ్ అయిపోయిందనుకుని చాలా పవర్ బ్యాంకులు వాటంతట అవే ఆగిపోతాయి. మాస్టారు పిల్లల చేత లెక్క చేయిస్తూ అయిదు నిమిషాలు మౌనంగా ఉంటే చాలు, మైకు చచ్చిపోతుంది. కొనేముందు ఒకసారి సౌండు లేకుండా కాసేపు ఉంచి చూడండి.

3. ఇప్పుడు బోర్డు దగ్గరికి వెళ్లండి

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో నిలబడితే బోర్డుల వరస చూసి తల తిరుగుతుంది. నిజానికి చిప్పులు నాలుగైదే, మిగతాదంతా వాటి వేషాలే. మీ వోల్టేజిని బట్టి విడదీయండి.

ఒంటరి లిథియం సెల్లు లేదా యూఎస్‌బీ అయితే పీఏఎం8403. గోరంత బోర్డు, వంద రూపాయల లోపే దొరుకుతుంది. 2.5 నుంచి 5.5 వోల్టుల వరకు నడుస్తుంది, రెండు స్పీకర్లకు చెరో 3 వాట్లని చెబుతారు. ఆ మూడూ 5 వోల్టులు, 4 ఓమ్‌ల దగ్గర, సౌండు బాగా పగిలే స్థాయిలో కొలిచినవి. శుభ్రంగా రెండు, రెండున్నర అనుకోండి. ఒక గదికి పుష్కలం.

12 వోల్టులకు, చిన్న స్పీకర్లకు పీఏఎం8610. 7 నుంచి 15 వోల్టుల దాకా. ఆటోలో పెట్టేవాళ్లు మాత్రం దీన్ని నేరుగా ఆటో బ్యాటరీకి కలపకూడదు. ఇంజన్ నడుస్తుంటే 14 దాటే వోల్టేజి, మధ్యలో వచ్చే కుదుపులు దాని హద్దును ముట్టుకుంటాయి. అదే 12 వోల్టులకు టీపీఏ3110 మరింత నిశ్చింత. 8 నుంచి 26 వరకు తట్టుకుంటుంది, రెండు వైపులనూ కలిపి ఒకే స్పీకరుకు పంపే మోనో బోర్డులుగా కూడా దొరుకుతుంది. బండి మీద ఒక్క హారన్ పెట్టుకునేవాళ్లకు ఇది చక్కగా సరిపోతుంది. టీపీఏ3116 దీని పెద్దన్న. 12 వోల్టుల దగ్గర మాత్రం రెండింటి మధ్య మీ చెవికి అందే తేడా తక్కువే. వోల్టేజి పెంచే ఉద్దేశం లేకపోతే పెద్దదానికి డబ్బు పెట్టనక్కర్లేదు.

మరి 4440? మన పట్టణాల్లో రేడియో రిపేరు చేసే ప్రతి మెకానిక్కుకీ ఈ అంకె నోటికి వచ్చు. శాన్యో కంపెనీ ఎల్‌ఏ4440 చిప్పు 13.2 వోల్టుల దగ్గర రెండు వైపులా ఆరేసి వాట్లు, బ్రిడ్జి పద్ధతిలో కలిపితే 19 వాట్లు ఇస్తుంది. సౌండు నిండుగా ఉంటుంది, చెడిపోతే ఊళ్లోనే బాగుచేస్తారు. ఈ రెండో గుణం చిన్నదేం కాదు. పల్లెలో ఉండేవాళ్లు దీన్ని ఎంచుకుంటే తప్పు పట్టలేం. దాని లోపమల్లా ఆకలి. పాట లేకుండా ఖాళీగా ఉన్నా 100 మిల్లీ ఆంపియర్ల దాకా తాగుతుంది, అల్యూమినియం హీట్ సింక్ లేనిదే బతకదు.

టీడీఏ2030 బోర్డులు హోమ్ థియేటర్ల కోసం విరివిగా అమ్ముతారు. బోర్డు మీద '12-0-12' అని మూడు కనెక్షన్లు కనిపిస్తే అది ట్రాన్స్‌ఫార్మర్ కోసం చేసింది. ఒక్క 12 వోల్టుల బ్యాటరీతో దాన్నుంచి నాలుగు వాట్లు కూడా రావు. ఇక ఎల్‌ఎం386 గురించి: పాఠశాల ప్రాజెక్టులకు, రేడియో కిట్లకు అది దశాబ్దాలుగా నమ్మకమైన చిప్పు, 4 వోల్టులతోనూ పలుకుతుంది. కానీ 6 వోల్టుల దగ్గర దాని బలం వాటులో మూడో వంతు. ఇయర్‌ఫోన్లకు, చిన్న రేడియోకు సరి.

చవక చిప్పంటే చవక సౌండే అనుకునేవాళ్లు ట్రైపాత్ చరిత్ర తెలుసుకోవాలి. ఆద్య త్రిపాఠి 1995లో కాలిఫోర్నియాలో స్థాపించిన ఆ కంపెనీ చిప్పును పెట్టి, 2000 దశకం మధ్యలో సోనిక్ ఇంపాక్ట్ అనే సంస్థ 'టీ-ఆంప్' అనే చిన్న ప్లాస్టిక్ పెట్టెను 40 డాలర్ల లోపు ధరకు అమ్మింది. ఎనిమిది పెన్సిల్ సెల్లుల మీద నడిచేది. లక్షల ఖరీదు సిస్టమ్‌లు ఉన్నవాళ్లు కూడా దాన్ని విని మెచ్చుకున్నారు. ట్రైపాత్ 2007లో దివాళా తీసింది. అయినా రెండేళ్ల తర్వాత ఐఈఈఈ స్పెక్ట్రమ్ పత్రిక ప్రపంచాన్ని కదిలించిన 25 చిప్పుల జాబితా వేసినప్పుడు అందులో ట్రైపాత్ టీఏ2020 ఉంది. ఇవాళ మీరు కొనే చిన్న బోర్డులు, పైన చెప్పిన పాత రకాలు తప్ప, ఆ కోవకు చెందిన క్లాస్-డి ఆంప్లిఫయర్లే.

4. ఎన్ని గంటలు నడవాలో ముందే తేల్చుకోండి

12 వోల్టులు, 7 ఏహెచ్ అంటే 84 వాట్ అవర్లు. లెడ్ యాసిడ్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగమే వాడాలి, 42. పాటలోనూ మాటలోనూ సౌండు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి, పగలకుండా గట్టిగా పెట్టినా సగటున పూర్తి బలంలో ఎనిమిదో వంతే ఖర్చవుతుంది.

4440 బోర్డు పన్నెండు వాట్లలో ఎనిమిదో వంతు, అంటే ఒకటిన్నర వాటు సౌండు ఇవ్వడానికి బ్యాటరీ నుంచి సుమారు 6 వాట్లు లాగుతుంది. 42 వాట్ అవర్లు ఏడు గంటల్లో ఆవిరి. అంతే సౌండుకు క్లాస్-డి బోర్డు రెండున్నర వాట్ల లోపే తీసుకుంటుంది. అంటే పదహారు గంటల పైమాటే. ఉదయం ఆరింటికి బండి తీసి రాత్రి ఎనిమిదింటికి ఇంటికి చేరే మనిషికి ఈ తేడా ఎంతటిదో వేరే చెప్పాలా?

బోర్డు ఖాళీగా ఎంత తాగుతుందో మల్టీమీటరు పెట్టి మీరే కొలవండి. బోర్డు మీద మెరిసే నీలం లైట్లు, డిస్‌ప్లే, బ్లూటూత్ అన్నీ కలిసి ఒక్కోసారి ఆంప్లిఫయరు కన్నా ఎక్కువ తింటాయి.

5. వైరు, ఫ్యూజు

తక్కువ వోల్టేజిలో సన్న వైరు పెద్ద దొంగ. అర చదరపు మిల్లీమీటరు వైరు రెండు మీటర్లు లాగారనుకోండి. పోనూ రానూ నాలుగు మీటర్లు. 5 ఆంపియర్లు పారితే 0.7 వోల్టు దారిలోనే మాయం. 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే పోయేది 0.23 వోల్టే. బ్యాటరీని ఆంప్లిఫయరు పక్కనే పెట్టండి, అవసరమైతే స్పీకరు వైరును పొడవు చేయండి.

ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్‌కు ఆనుకునే ఉండాలి. చిన్న బోర్డుకు 3, పెద్దదానికి 5 ఆంపియర్లు చాలు. 7 ఏహెచ్ బ్యాటరీ చిన్నదే అయినా షార్టయితే వంద ఆంపియర్లకు పైగా పోస్తుంది, వైరు క్షణంలో ఎర్రబడుతుంది. పిల్లలు తిరిగే చోట పెట్టే వస్తువుకు ఫ్యూజు లేకుండా ఒక్క రోజు కూడా నడపకండి.

వైర్లు తారుమారైతే చవక బోర్డుల్లో చాలావాటికి రక్షణ ఉండదు. ఒక్క తప్పుకే చిప్పు కాలిపోతుంది. తిప్పి పెట్టడానికి వీల్లేని కనెక్టర్లు వాడండి, ఎర్ర నల్ల రంగులు ఎప్పుడూ మార్చకండి.

6. ఈ పొరపాట్లు చేయకండి

క్లాస్-డి బోర్డుల్లో రెండు స్పీకర్ల నెగెటివ్ వైర్లను కలపకూడదు. వాటిని బ్యాటరీ నెగెటివ్‌కూ కలపకూడదు. ఆ వైర్లు రెండూ సౌండు మోసేవే. మూడు వైర్ల హెడ్‌ఫోన్ సాకెట్ తగిలించినా అదే ప్రమాదం. చిప్పు వేడెక్కి ఆగిపోతుంది, లేదా పూర్తిగా పోతుంది.

మైకును నేరుగా ఆంప్లిఫయర్ బోర్డుకు పెట్టి "వినపడట్లేదే" అని బోర్డును తిట్టేవాళ్లు చాలామంది. డైనమిక్ మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులే. మధ్యలో మైక్ ప్రీ-ఆంప్లిఫయర్ బోర్డు కావాలి. మైకు కుయ్యిమంటుంటే స్పీకరును మాట్లాడేవారి ముందుకు జరపండి, మైకు స్పీకరు వెనక ఉండాలి.

బ్లూటూత్ బోర్డూ ఆంప్లిఫయరూ ఒకే బ్యాటరీ పంచుకుంటే సన్నగా ఈల లాంటి రొద వస్తుంది, పాటలు మారుతుంటే గరగరమంటుంది. అందరూ బోర్డు మార్చేస్తారు, రొద మాత్రం పోదు. కారణం రెండింటి నెగెటివ్ దారి ఒకటవడం. బ్లూటూత్ బోర్డుకు బీ0505ఎస్ లాంటి ఐసోలేటెడ్ 5 వోల్టుల మాడ్యూలు పెట్టండి, లేదా సౌండు వైర్ల మధ్య చిన్న ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. రెండూ చవకే, చాలావరకు వెంటనే గుణం కనిపిస్తుంది.

7. దుకాణంలో పది నిమిషాలు

మీ బ్యాటరీ, మీ స్పీకరు, ఫోను, ఆక్స్ వైరు వెంట తీసుకెళ్లండి. దుకాణంలోని అడాప్టరుతో వినిపించింది మీ ఇంట్లో వినిపించదు. ముందు పాట లేకుండా ఆన్ చేసి స్పీకరుకు చెవి ఆనించండి. ఆన్ చేసేటప్పుడు టప్పున కొట్టుకుంటోందా? సర్రుమనే శబ్దం ఎంత? తర్వాత బాగా తెలిసిన పాట ఒకటి పెట్టి, సౌండు పగిలే దాకా పెంచి, అక్కణ్నుంచి కొంచెం తగ్గించండి. మీరు రోజూ వాడగలిగేది ఆ స్థాయి. పది నిమిషాల తర్వాత చిప్పు మీద వేలు పెట్టండి. వేలు ఆనించి ఉంచలేనంత వేడి ఉంటే ఆ బోర్డు వద్దు. చివరగా బోర్డు మీది పెద్ద కెపాసిటర్ల మీద వోల్టేజి అంకె చూడండి. 12 వోల్టుల పనికి 25 ఉండాలి. 16 ఉంటే ఛార్జింగ్ వోల్టేజికి మరీ దగ్గరగా ఉన్నట్టు.

8. మూడు అవసరాలు, మూడు కూర్పులు

కూరగాయల బండికి: 8 ఓమ్‌ల హారన్ ఒకటి, వరసలో 100 మైక్రోఫ్యారడ్ కెపాసిటర్, టీపీఏ3110 మోనో బోర్డు, 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, మెమరీ కార్డు పెట్టే చిన్న ప్లేయరు. 10.5 వోల్టుల దగ్గర ఆపేసే లో-వోల్టేజి కటాఫ్ బోర్డు ఒకటి తప్పక కలపండి. ఖాళీ అయిన లెడ్ యాసిడ్ బ్యాటరీని రాత్రంతా అలాగే వదిలేస్తే త్వరగా పాడవుతుంది, ఇంటికి రాగానే ఛార్జింగ్‌కు పెట్టాలి.

ట్యూషన్ మాస్టారుకు: మంచి 18650 సెల్లు ఒకటి, రక్షణ ఉన్న టీపీ4056 ఛార్జింగ్ బోర్డు, పీఏఎం8403, మెడకు తగిలించే మైకు, దానికో ప్రీ-ఆంప్లిఫయరు, 4 ఓమ్‌ల స్పీకరు. ఒకటిన్నర వాటు చాలు, నలభై మంది ఉన్న గది వెనక బెంచీ దాకా చేరుతుంది. నడుముకు కట్టుకునే సంచీలో అంతా పట్టేస్తుంది.

భజన బృందానికి లెక్క వేరు. హార్మోనియం, తబలా, నలుగురి గొంతులు కలిసి వినపడాలి, హారనుతో ఆ తియ్యదనం రాదు. 90 డెసిబెల్స్ దాటిన 4 ఓమ్‌ల స్పీకర్లు రెండు, టీపీఏ3116 బోర్డు, నాలుగు లిథియం ఫాస్ఫేట్ సెల్లుల ప్యాకు, బ్యాటరీ మీద నడిచే చిన్న మిక్సరు. ఈ ప్యాకు లెడ్ యాసిడ్ కన్నా ఖరీదు. కానీ బరువు బాగా తక్కువ, పాట చివరిదాకా వోల్టేజి పడిపోదు, భుజాన మోసుకుని నడిచేవాళ్లకు ఆ ఖర్చు దండగ అనిపించదు. తెల్లవారుజామున నగర సంకీర్తనకు బయల్దేరేవాళ్లు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలను కూడా గుర్తుంచుకోవాలి. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు, పగలైనా సంబంధిత అధికారి నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆరింటిదాకా తాళాలతో, గొంతులతో నడిచి, ఆ తర్వాతే స్విచ్ వేయండి. అనుమతి కాగితం జిరాక్సు ఒకటి బ్యాటరీ పెట్టెలోనే ఉంచుకోండి.